గంగాళం గారి పొట్ట

నేను ఒక పొట్టను. కంగారు పడకండి, మీ పొట్టలాంటి దాన్ని కాను. నాకు ఆకలి లేదు, అజీర్తి లేదు. పెళ్ళిభోజనంలో మొహమాటానికి తిని, ఇంటికొచ్చి జీలకర్ర నమలాల్సిన అవస్థ లేదు. నాలో ఉన్నదంతా దూది. పైన గాడా అనే ముతక గుడ్డ, వెనక కట్టుకోవడానికి నాడాలు. కట్టుకున్నంతసేపు ఒక పెద్దమనిషి దర్జాను. విప్పితే మేకుకు వేలాడే గుడ్డమూటను. మనుషుల్లోనూ చాలామంది దర్జా ఇలా కట్టి విప్పేదేనని నా అనుమానం. కానీ దూదితో చేసినదాన్ని, నాకంత పెద్ద మాటలెందుకు?

నేను పుట్టింది హైదరాబాదులో, కృష్ణానగర్‌లోని ఒక ఇరుకు గదిలో. అక్కడ ఖాజా మియా అనే ఆయన టీవీ సీరియళ్ళకు దుస్తులు కుట్టేవాడు. నా పుట్టుక ముందుగా అనుకున్నది కాదు. ఆ రోజు ‘పక్క వాటా’ అనే హాస్య సీరియల్ షూటింగు మొదలైంది. అందులో ఇంటి ఓనరు గంగాధరం వేషానికి భారీ మనిషినొకణ్ణి మాట్లాడుకున్నారు. పొద్దున్నే ఆయనకు సినిమాలో వేషం వచ్చింది. సినిమా కబురు వచ్చిన నటుడు టీవీవాళ్ళకు కనిపించడు, వినిపించడు. డైరెక్టరు రామతీర్థం గారు సెట్టు మధ్యలో నిలబడి, “ఎవర్నన్నా ఒక లావుపాటి మనిషిని పట్టుకురండయ్యా!” అని కేకలు వేస్తున్నారు.

అప్పుడు గ్యాసు బండ మోసుకొచ్చే మనిషి వేషానికి వచ్చిన ఒకాయన ముందుకొచ్చి, “నేను చేస్తానండీ” అన్నారు.

ఆయనే నాగలింగం గారు. సొంతవూరు తెనాలి. ఎముకల గూడుకు చొక్కా తొడిగినట్టుండే మనిషి. ఆ శరీరం చూసి పరిషత్తు నాటకాల్లో ఏళ్ళ తరబడి జబ్బుమనిషి వేషాలే ఇచ్చారు. మంచంమీద పడుకుని దగ్గడంలో ఆయనకు బహుమతులు కూడా వచ్చాయి. 

రామతీర్థం గారు ఎగాదిగా చూశారు. “నువ్వా? నిన్ను చూస్తే అద్దెకున్నవాళ్ళే జాలిపడి నీకు అన్నం పెడతారు గదయ్యా.”

“కళ్ళు మూసుకుని ఒకసారి వినండి సార్. నచ్చకపోతే గ్యాసు బండ మోసుకుంటాను.”

డైరెక్టరు కళ్ళు మూసుకున్నారు. లింగం గారు మేడమెట్లెక్కి వచ్చిన లావుపాటి మనిషిలా మాట్లాడారు. మాటకూ మాటకూ మధ్య గాలి కోసం వెతుక్కోవడం, పెళ్ళాన్ని పిలవబోయి ఆయాసంతో ఆగిపోవడం, మెట్లు కట్టిన మేస్త్రీని తిట్టడం అన్నీ వినిపించాయి. రామతీర్థం గారు కళ్ళు తెరిచి, “మనిషి దొరికాడు. ఇక పొట్ట కావాలి. ఖాజా!” అన్నారు.

“పొట్టనే గద సార్? చాయ్ తాగేలోపల పుట్టిస్త,” అన్నాడు ఖాజా మియా. అని, తను రోజూ తల పెట్టుకుని పడుకునే దిండును కత్తెరతో కోశాడు. అలా ఒక దిండు చనిపోయి నేను పుట్టాను.

నన్ను మొదటిసారి కట్టుకున్నప్పుడు లింగం గారి గుండె నా వీపుకు ఆనుకుని కొట్టుకుంది. భయంగా కొట్టుకుంది. బయట మాత్రం ఆయన ఎంత నిదానంగా నడిచారంటే, నా బరువెంతో నాకే సందేహం వచ్చింది. నిజానికి నేను తేలిక. బరువంతా ఆయన నటనలో ఉంది. లావుపాటివాళ్ళు ఎలా కదులుతారో చూడటానికి ఆయన సెలవురోజుల్లో రైతుబజారుకు పోయి కూర్చునేవారు. లావుపాటి మనిషి కుర్చీలోంచి లేచే ముందు లేవాలని నిర్ణయించుకుంటాడు, తర్వాత మోకాళ్ళతో సంప్రదిస్తాడు, అవి ఒప్పుకుంటేనే లేస్తాడు. ఈ సంగతి ఆయన చేసి చూపిస్తే యూనిట్టంతా నవ్వలేక చచ్చేది.

సీరియల్ కథ మీకు చెప్పాలి. ఇంటి ఓనరు అద్దె అడగడానికి పక్క వాటాలోకి వస్తాడు. అద్దెకున్నవాళ్ళు బూరెలో గారెలో పెడతారు. తింటూ తింటూ ఆయన వచ్చిన పని మరిచిపోయి, తేన్చుకుంటూ వెళ్ళిపోతాడు. ఇంతే కథ. దీన్నే వారం వారం చూశారు జనం. అద్దెకున్నవాళ్ళు ఆయనకు పెట్టిన మారుపేరు గంగాళం. ఆ పేరు ఊళ్ళో పడింది. బస్సుల్లో, పెళ్ళిపందిళ్ళలో లావుగా ఉన్న ప్రతివాడూ గంగాళమే అయ్యాడు. ఒక్క లింగం గారు తప్ప.

ఎందుకంటే నేను లేకుండా ఆయన్ను ఎవరూ గుర్తుపట్టరు. ఒకసారి వినాయక చవితికి ఒక కాలనీవాళ్ళు సన్మానం చేస్తామని పిలిచారు. లింగం గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, భార్య సౌభాగ్యం గారితో ఆటోలో వెళ్ళారు. నన్ను ఎందుకైనా మంచిదని సంచిలో పెట్టుకున్నారు. పొట్ట చేత్తో పట్టుకుని పట్నం వచ్చానని చెప్పేవాళ్ళు చాలామందే గాని, నిజంగా పట్టుకుని తిరిగింది మా లింగం గారొక్కరే. పందిరి దగ్గర కమిటీ ప్రెసిడెంటు ఎదురొచ్చాడు.

“గంగాళం సార్ ఎక్కడున్నడన్నా? బండిల ఉన్నడా?”

“నేనేనండీ.”

“మజాక్ చెయ్యకన్నా. పబ్లిక్ ఆగుతలేరు. జల్ది సార్‌ను దింపు.”

లింగం గారు సౌభాగ్యం గారి వైపు చూశారు. పందిరి వెనక్కి పోయి, జనరేటరు పక్కన నిలబడి నన్ను కట్టుకున్నారు. సౌభాగ్యం గారు వెనక నాడాలు ముడివేశారు. ఆయన వేదికెక్కగానే ఈలలు, చప్పట్లు. ప్రెసిడెంటు ఆయన రెండు చేతులూ పట్టుకుని, “మీ డ్రైవరుకు బాగ పొగరు సార్, ఊకె నేనే గంగాళం అంటుండు,” అన్నాడు.

ఇంటికి పోతూ ఆటోలో సౌభాగ్యం గారు, “ఏందయ్యా, అంత పెద్ద దండేస్తే మొహం అట్టా పెట్టావు?” అన్నారు.

“దండ నాకు కాదే, దీనికి.” ఆయన నన్ను వేళ్ళతో తట్టారు. “ఇది చిరిగిపోయిన రోజున నేనెవర్ని?”

“చిరిగితే కుట్టుకుంటాం.”

“అది కాదు సౌభాగ్యం. ఇది లేకుండా నన్ను చూసి ఒక్కసారి నవ్వాలి జనం. నా మొహం చూసి నవ్వాలి. ఆ ఒక్కటీ జరిగితే చాలు.”

“నేను రోజూ నవ్వుతున్నా గదా!”

“నువ్వు నవ్వేది వేరే.”

ఆమె అప్పుడు కూడా నవ్వారు. ఆయన కూడా. నేను వాళ్ళిద్దరి మధ్య సంచిలో కూర్చుని, నేరం చేసినదానిలా ముడుచుకున్నాను.

తరవాత నాకొక పోటీదారు పుట్టుకొచ్చింది. టీవీలో తిండి సీను తీయడమంటే మాటలు కాదు. దూరం నుంచి తీసినప్పుడు తిన్న బూరె, దగ్గర నుంచి తీసేటప్పుడూ తినాలి. ఎదురుగా ఉన్న నటి మాట తప్పితే మళ్ళీ తినాలి. లైటు ఆరితే మళ్ళీ తినాలి. నాకోసం తిన్నట్టు నటిస్తూ లింగం గారు నిజంగానే తిన్నారు. కొన్నేళ్ళకు చొక్కా కింద ఒక చిన్న గుండ్రం బయల్దేరింది. మొదట నేను పట్టించుకోలేదు. తరవాత నాడాలు అందడం మానేశాయి.

ఖాజా మియా టేపు చుట్టి చూసి తల గోక్కున్నాడు. “మీది పెరుగుతుంది సార్. నాది తగ్గియ్యాలె. టీవీల గంగాళం ఒక్క తీరే కనపడాలె గద.”

అని నా కుట్లు విప్పి ఒక పిడికెడు దూది తీశాడు. కొన్నాళ్ళకు ఇంకో పిడికెడు. ఆయన పెరిగేకొద్దీ నేను తగ్గాను. తెరమీద మాత్రం ఎవరికీ తేడా తెలియలేదు. ఒక దశలో నాలో గుప్పెడు దూదే మిగిలింది. ఇక నాకు రిటైర్మెంటేననుకున్నాను. దేవుడనే డైరెక్టరు అప్పుడు కథ మలుపు తిప్పాడు. లింగం గారికి షుగరని తేలింది.

సౌభాగ్యం గారు వంటింటిని స్వాధీనం చేసుకున్నారు. రాగి సంకటి, పులుసులేని ఆకుకూర, పొద్దునా సాయంత్రం పార్కులో నడక. షూటింగులో కట్ చెప్పగానే బూరె ముక్క ఉమ్మేయడానికి ఆయన పక్కన ఒక బక్కెట్టు పెట్టించారు. కరువులో పంట ఎండినట్టు ఆయన పొట్ట ఎండిపోయింది. ఖాజా మియా తీసిన దూదంతా మళ్ళీ నాలో నింపాడు. “వెల్కం బ్యాక్” అని నన్ను రెండు దెబ్బలు కూడా వేశాడు. నేను పొంగిపోయాను. అక్షరాలా.

ఆ పొంగు ఎక్కువ రోజులు నిలవలేదు. రామతీర్థం గారు వయసు మీదపడి పని మానేశారు. కొత్త డైరెక్టరుగా సుధన్వ అనే కుర్రాడు వచ్చాడు. మంచివాడే. పెద్దలను చూస్తే లేచి నిలబడేవాడు. వచ్చిన కొత్తల్లోనే లింగం గారిని కూర్చోబెట్టి చెప్పాడు.

“సార్, లావు మీద నవ్వే రోజులు పోయాయి. చానల్‌వాళ్ళు ఓనరు పాత్ర ముగించమంటున్నారు. నాకు నోరు రావటం లేదు గానీ...”

“ఫోటోకి దండా బాబూ?”

సుధన్వ తల దించుకున్నాడు.

సీరియళ్ళలో ఇది అందరికీ తెలిసిన శిక్ష. నటుడు అలిగినా, అవసరం తీరిపోయినా, పాత్ర ఫోటోకి దండ వేసి గోడకు తగిలిస్తారు. మిగతావాళ్ళు దానికి దండం పెట్టుకుని కాఫీ తాగుతారు. కొన్నిసార్లు ఆ నటుడు అదే సమయానికి పక్క ఫ్లోర్లో ఇంకో సీరియల్లో పెళ్ళిచేసుకుంటూ ఉంటాడు. లింగం గారికి ఆ పక్క ఫ్లోరు లేదు. వేషాల కోసం ఆయన రెండు మూడు ఆఫీసులు తిరిగారు. అన్నిచోట్లా మర్యాదగానే మాట్లాడారు. ఒక మేనేజరు మాత్రం ఉన్నమాట చెప్పాడు: “పొట్ట తీస్తే మీరెవరో జనానికి తెలీదు సార్. పొట్ట పెడితే గంగాళమే కనపడతాడు. మేమేం చెయ్యం చెప్పండి?”

కాబట్టి గంగాళంతో పాటు లింగం గారి బతుకుతెరువు కూడా పాడె ఎక్కబోతోందని మా యూనిట్లో అందరికీ తెలుసు.

ఆ సీను ఒక ఉదయం పెట్టారు. హాల్లో చాప పరిచి, తలదగ్గర దీపం పెట్టి, లింగం గారిని పడుకోబెట్టి, మెళ్ళో దండ వేసి తెల్లగుడ్డ కప్పారు. పైన నేను గుమ్మటంలా ఉన్నాను. ఓనరు భార్య వేషం వేసే వకుళ గారు గ్లిజరిన్ పెట్టుకుని గుండెలు బాదుకోవడం మొదలుపెట్టారు. అంతలో సుధన్వ కట్ చెప్పాడు.

“సార్, శవం ఊపిరి పీలుస్తోంది.”

“బతికున్నాను గదా బాబూ!”

“చిన్నగా పీల్చండి సార్. మీరు ఇంత పీలిస్తే పొట్ట అంత లేస్తోంది.”

అది నా తప్పే. సన్నటి మనిషి కొద్దిగా గాలి పీల్చినా నేను అలలా లేచి పడతాను. రెండోసారి లింగం గారు ఊపిరి బిగబట్టారు. వకుళ గారి ఏడుపు డైలాగు పొడుగైంది. చివర్లో శవం ఒక్కసారిగా బుస్సుమని గాలి వదిలింది. వకుళ గారు ఆయన మీదే పడి పకపకా నవ్వారు. ఆయనకు నవ్వు రాలేదు. మూడోసారికి ఎలాగో షాటు అయిందనిపించారు.

మా దగ్గర ఒక ఆచారముంది. చచ్చిపోయిన సీను చేసిన నటుడు, కట్ చెప్పాక లేచి కూర్చుని కెమెరా వైపు చూసి నవ్వాలి. ఆ నవ్వును కూడా రికార్డు చేయాలి. చివరి షాటు శవానిది కాకూడదు, బతికున్న మనిషిది కావాలి. కంప్యూటర్లతో పనిచేసే కుర్రాళ్ళు కూడా ఈ ఒక్క విషయంలో తాతల మాట దాటరు. నవ్వు పడితేనే గుమ్మడికాయ కొడతారు, అప్పుడే ప్యాకప్.

“నవ్వండి సార్,” అన్నాడు సుధన్వ. కెమెరా తిరుగుతోంది.

లింగం గారు లేచి కూర్చున్నారు. పెదాలు సాగదీశారు. నవ్వు రాలేదు. మళ్ళీ ప్రయత్నించారు. ఏళ్ళ తరబడి ఊరంతటినీ నవ్వించిన మనిషికి ఒక్క నవ్వు దొరకలేదు. గుమ్మడికాయ పట్టుకున్న మనిషి చేతులు మార్చుకుంటున్నాడు. “నవ్వండి అన్నయ్యా, అశుభం,” అని వకుళ గారు బతిమాలారు.

అప్పుడాయన చెయ్యి వెనక్కి పోయింది. నాడాలు విప్పారు. నన్ను తీసి తాను పడుకున్నచోట పెట్టారు. తెల్లగుడ్డ నాకు కప్పారు. మెళ్ళో దండ తీసి నామీద వేశారు. చాప పక్కన గొంతుక్కూర్చుని తలమీద చెయ్యి పెట్టుకున్నారు.

“అన్నా! పోయావా!” అని శోకం ఎత్తుకున్నారు. “ఏ గుమ్మంలోకైనా నువ్వే గదా ముందు పోయేది, నేను నీ వెనకాల వచ్చేవాణ్ణి. ఇయ్యాల కూడా నువ్వే ముందు పోయావా! బూరెలు నువ్వు తిన్నావు, షుగరు నాకిచ్చావు. దండలు నువ్వేయించుకున్నావు, చెమట నాకొదిలావు. ఇన్నేళ్ళల్లో నువ్వు ఒక్క డైలాగన్నా చెప్పావంట్రా? నా నోటితో నేను చెబితే, జనం నీ మొహం... నీకు మొహం కూడా లేదు గదరా!”

లైట్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. లింగం గారు అటు చూడలేదు. ఆయన ముక్కు చీది, నా మీది గుడ్డకే తుడుచుకున్నారు.

“సరే, పోతే పోయావు. అద్దెన్నా వసూలు చేసి పోయావా? బూరె చూపిస్తే నోరు తెరిచేవాడివి, అద్దె అడగాలంటే నోరు మూసేవాడివి. ఇప్పుడు ఆ పని నా నెత్తిన పడింది.” ఆయన మెల్లగా తలెత్తి, అద్దెకున్నవాళ్ళ వేషాల్లో ఉన్న నటులను ఒక్కొక్కరినే చూశారు. బక్కచిక్కిన మెడ కొంగలా సాగింది. “నాకు బూరెలు పనిచెయ్యవు నాయనా. డాక్టరొద్దన్నాడు. అద్దె తియ్యండి.”

సెట్టు కూలిపోయినంత పనైంది. వకుళ గారు చాపమీద దొర్లారు. గుమ్మడికాయ మనిషి చేతిలోంచి గుమ్మడికాయ తనంతట తానే జారి పగిలింది. ఆ చప్పుడుకు లింగం గారు ఉలిక్కిపడి, అందరినీ చూసి, అప్పుడు నవ్వారు. నేను గుడ్డకింద ఉన్నాను, ఆయన ఒంటిమీద లేను. అందరూ ఆయన ముఖాన్నే చూస్తున్నారు. ఆయనకు ఆ సంగతి తెలిసింది. నవ్వుతూనే ఏడ్చేశారు.

సుధన్వ కట్ చెప్పడం మరిచిపోయాడు. తేరుకుని, “గంగాళం గారికి తమ్ముడున్నాడని మనం కథలో ఎప్పుడైనా చెప్పామా?” అని అసిస్టెంట్లను అడిగాడు.

“లేదు సార్.”

“ఉన్నాడు బాబూ,” అన్నారు లింగం గారు కళ్ళు తుడుచుకుంటూ. “ఇన్నాళ్ళూ పొట్ట వెనకాల ఉన్నాడు.”

మర్నాడు ఆ సీనును పద్ధతిగా మళ్ళీ తీశారు. అందులో గుడ్డకింద శవం నేనే. అంత బాగా ఊపిరి బిగబట్టినందుకు సుధన్వ నన్ను మెచ్చుకున్నాడు. అన్న పోయాక ఇంటికి ఓనరుగా వచ్చిన తమ్ముడు, ఏమీ తినడు, అద్దె మాత్రం మరిచిపోడు. అద్దెకున్నవాళ్ళు గారెలు, అరిసెలు, చివరికి రాగి లడ్డూలు కూడా పట్టుకొస్తారు. ఆయన మెడ సాగదీసి “అద్దె!” అంటాడు. అంతే, ఇళ్ళల్లో జనం సోఫాల్లోంచి జారిపోయారు. చానల్‌వాళ్ళు ఈ పాత్రను ఎప్పటికీ ముగించవద్దని కబురు పెట్టారు.

ఖాజా మియా గదిలో మేకుకు వేలాడుతూ నేను ఈ కబుర్లు వినేదాన్ని. ఒకరోజు సౌభాగ్యం గారే వచ్చి చెప్పారు. కూరగాయల బండి దగ్గర ఎవరో ఆడపిల్ల లింగం గారిని చూడగానే వంకాయలు వదిలేసి, “అమ్మో, అద్దె బాబాయ్!” అని నవ్విందట. ఆయన బెండకాయలు కొనడం మరిచిపోయి ఇంటికొచ్చారట. “కూర లేదు గానీ, మనిషి మాత్రం ఇంతయ్యాడు భాయ్,” అని ఆమె రెండు చేతులూ చాపి చూపించారు. నాకన్నా పెద్ద కొలత అది.

నాకు బాధ కలగలేదా అంటే, కొద్దిగా కలిగింది. దండలు అలవాటైన ప్రాణం. గదిలో కిరీటాలు, పోలీసు టోపీలు, జడ్జి కోట్లు నాలాగే వేలాడుతుంటాయి. మాలో ఎవరమూ సొంతంగా ఏమీ కాదు. ఎవరో ఒకరు కట్టుకుని, తమ ఊపిరి పోస్తేనే మాకు పరువు. ఈ సంగతి టోపీలకు ఇంకా తెలియదు. నేను చెప్పను.

ఈ మధ్య ఒక పొద్దున ఖాజా మియా నన్ను దించాడు. దుమ్ము దులిపి, కుట్లు విప్పి, రెండు పక్కలా దూది తగ్గించి నడుమ గుండ్రంగా సర్దాడు. పైన మెత్తటి పట్టుగుడ్డ వేశాడు. నాడాలు కొంచెం కిందికి మార్చాడు. “నసీబ్ అంటే నీదే,” అన్నాడు. నాకేమీ అర్థం కాలేదు. కాసేపటికి హారిక అనే అమ్మాయి వచ్చింది. ‘పక్క వాటా’లో అద్దెకున్నవాళ్ళ కోడలి వేషం వేస్తుంది. నన్ను కట్టుకుని, నడుంమీద చెయ్యి వేసుకుని అద్దంలో చూసుకుని సిగ్గుపడింది.

ఆ రోజు కోడలికి సీమంతం సీను. గాజులు, పసుపు, పూలజడ. వరసగా పెద్దలొచ్చి దీవిస్తున్నారు. చివరగా ఓనరు వచ్చాడు. సొంత శరీరంతో, సొంత ముఖంతో, మెడ సాగదీసుకుంటూ లింగం గారు వచ్చారు. అక్షింతలు వేయబోయి ఆగారు. కొత్త గుడ్డ కింద ఉన్నా నన్ను పోల్చుకున్నారు. వంగి, మైకుకు అందకుండా, “బాగున్నావా అన్నా?” అన్నారు.

హారిక కిసుక్కున నవ్వింది. నేను ఎగిరెగిరి పడ్డాను. సుధన్వ కట్ చెప్పి, “సార్, బిడ్డ కదులుతోంది, ఇంకోసారి చేద్దాం” అన్నాడు.

రెండో టేకులో లింగం గారు నావైపు చూడలేదు. సూటిగా కెమెరా వైపు తిరిగి, లైటంతా ముఖం మీద పడేలా నిలబడి, “కొడుకు పుడితే అద్దె పెంచుతాను, కూతురు పుడితే ఇల్లే రాసిస్తాను,” అని అక్షింతలు చల్లారు. అందరూ ఆయన ముఖం చూసి నవ్వారు. రెండు గింజలు నామీద పడ్డాయి. నేను మాత్రం కదలకుండా కూర్చున్నాను. ఏడో నెల కదా, జాగ్రత్తగా ఉండాలి.